సూదికి అందని ఫిస్టులా

అమ్మలూ,

డయాలసిస్ కోసం చేతి ధమనిని సిరతో కలిపి ఫిస్టులా వేసి ఆరు వారాలు దాటింది, థ్రిల్ (రక్తం పారుతుంటే చేతికి తగిలే అదురు) బాగా తగులుతోంది, డయాలసిస్ గదిలో మాత్రం సూది పడటం లేదని రాశావు. లావుపాటి చేతుల్లో ఇది తరచూ ఎదురయ్యేదే. కత్తి పట్టేముందు ఒక్కటి తేల్చుకో: సిర లోతుగా ఉందా, అసలు ఎదగనే లేదా? డాప్లర్ స్కాన్‌లో సిర వెడల్పు 6 మిల్లీమీటర్లు, ప్రవాహం నిమిషానికి 600 మిల్లీలీటర్లు ఉండి, లోతొక్కటే 6 మిల్లీమీటర్లు దాటితేనే సిరను పైకి తెచ్చే ఆపరేషన్. ప్రవాహం తక్కువగా ఉంటే ఎక్కడో సిర సన్నబడి ఉంటుంది, చాలాసార్లు అనాస్టమోసిస్, అంటే ధమనికి సిరను కుట్టిన అతుకు, పక్కనే. ముందు దాన్ని బెలూన్‌తో వెడల్పు చెయ్యి. లేకపోతే ఎంత పైకి తెచ్చినా ఆ సిర పనికిరాదు.

లోతు కొలిచేటప్పుడు స్కాన్ ప్రోబ్‌ను అదమకు. కొవ్వు నలిగి లోతు తక్కువగా కనిపిస్తుంది. జెల్ ఎక్కువ వేసి తేలిగ్గా ఆనించు. చెయ్యి డయాలసిస్‌లో ఉండే భంగిమలోనే ఉంచి, సిర వెళ్లే దారిని చర్మం మీద మార్కర్‌తో గియ్యి.

పైచేతి బయటి వైపున వెళ్లే సెఫాలిక్ సిర తిన్నగా ఉంటే నేను ముందు లైపెక్టమీ, అంటే కొవ్వు తీసేయడం, వైపే మొగ్గుతాను. సిరను కదపం. దానికి అడ్డంగా రెండు మూడు చిన్న కోతలు పెట్టి, వాటి మధ్య సిర మీదున్న కొవ్వును మాత్రం తీస్తాం. అనాస్టమోసిస్ జోలికి వెళ్లం, సూది గుచ్చే చోట మచ్చ ఉండదు. ఆశపడి కొవ్వంతా గీకేయకు, చర్మానికి రక్తం అందక నల్లబడుతుంది. కొన్ని మిల్లీమీటర్లు వదిలెయ్యి. ఖాళీ అయిన చోట నీరు చేరుతుంది. అది చేరకూడదని కట్టు బిగించావో, ఫిస్టులాయే మూసుకుపోతుంది.

సిర మరీ లోతుగా ఉంటే ఎలివేషన్, అంటే సిరనే పైకి లేపడం, చెయ్యాలి. పొడవునా తెరిచి, పక్క కొమ్మలు కట్టి, సిరను లేపి, దాని కింద కొవ్వును కుట్టేస్తాం. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు సిరను కోత కిందే వదిలేయడం. సూది మచ్చలోంచి దిగాల్సి వస్తుంది. కుట్లు విడిపోతే సిర బయటపడి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఒక పక్కన చర్మాన్ని ఫ్లాప్‌లా (పొరలా) లేపి సిరను అందులో పడుకోబెట్టు. సిర పైకి వచ్చే చోట, మళ్లీ లోపలికి దిగే చోట కుట్లు బిగిస్తే మడత పడుతుంది, అక్కడ వదులుగా ఉంచు.

బసిలిక్ సిర సంగతి వేరు. అది ఫాసియా (కండరాన్ని కప్పే గట్టి పొర) కింద, చేతి లోపలి వైపున ఉంటుంది. పైకి లేపితే చాలదు, సూదికి వీలుగా ముందుకు తేవాలి, అంటే ట్రాన్స్‌పొజిషన్. సిర సన్నగా ఉంటే మొదట అనాస్టమోసిస్ ఒక్కటే చేసి, నాలుగు నుంచి ఆరు వారాలకు గోడ మందమయ్యాక రెండో దశకు వెళ్లు. ముంజేతి లోపలి చర్మానికి వెళ్లే నరం సిరను పెనవేసుకుని ఉంటుంది. దాన్ని తెంపకుండా, సిరనే కోసి దాని కింద నుంచి బయటికి తియ్యి. కోసేముందే సిర మీద నిలువు గీత గీసుకో. హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) కలిపిన సెలైన్‌తో ఉబ్బించి, చర్మం కింద చేసిన కొత్త టన్నెల్‌లో లాగేటప్పుడు ఆ గీత తిన్నగా ఉంటే మెలి పడలేదన్నట్టు. తర్వాతి రోజుల్లో చంక దగ్గర సిర మలుపు తిరిగే చోట సన్నబడుతుంది, ప్రవాహం తగ్గితే ముందు అక్కడే చూడు.

పనికొచ్చే సిర ఏదీ లేకపోతే గ్రాఫ్ట్ (కృత్రిమ గొట్టం), దాన్ని మొదటే పైపైన టన్నెల్ చెయ్యి.

ఏది చేసినా వాపు తగ్గి గాయం మానడానికి సుమారు నాలుగు వారాలు ఆగాలి. అందాకా డయాలసిస్‌కు పెద్ద సిరలో పెట్టే క్యాథెటర్ గొట్టమే గతి, అది ఉన్నన్నాళ్లూ ఇన్ఫెక్షన్ భయమే. కాబట్టి మళ్లీ డాప్లర్ చెయ్యడానికి ఆలస్యం చెయ్యకు. రెండు సూదులు దూరదూరంగా పట్టేలా దాదాపు 10 సెంటీమీటర్ల తిన్నని భాగం వెతికి, సిర లోతు, దిశ, సూది చోట్లు బొమ్మ గీసి డయాలసిస్ సిస్టర్ చేతికి నువ్వే ఇవ్వు. మొదటి కొన్నిసార్లు సన్నని 17 గేజ్ సూదులు, పంపు వేగం నిమిషానికి 200–250 మిల్లీలీటర్లు దాటొద్దని ఆ కాగితం మీదే రాయి.

నాన్న