పాత బోటు స్టార్టర్ మార్చే ముందు

అందరికీ నమస్కారం. అట్లాంటా దగ్గర లేనియర్ సరస్సులో పాత బోట్లు నడిపే మనవాళ్లకి ఒక మాట.

తాళం తిప్పితే 'టక్' మని ఆగిపోతోందా? వెంటనే స్టార్టర్ కొనకండి. ముందు బ్యాటరీ చూడండి, పూర్తి ఛార్జ్‌లో 12.6 వోల్టులు ఉండాలి. తర్వాత ఇంజిన్ బ్లాక్‌కి బిగించిన నెగటివ్ కేబుల్ విప్పి తుప్పు గీకండి. నా బోటులోని మెర్‌క్రూజర్ ఇంజిన్‌కి కొత్త స్టార్టర్ వేసినా అదే చప్పుడు. చివరికి తప్పు ఆ కేబుల్‌దే.

స్టార్టరే పోయిందని తేలితే మాత్రం దయచేసి మెరైన్‌దే, అంటే బోట్ల కోసం చేసినదే కొనండి. కారుది తక్కువ ధరకి వస్తుంది, చాలాసార్లు బోల్టులూ సరిపోతాయి, అయినా వద్దు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, బోటు అడుగున పేరుకుంటుంది. స్టార్టర్ తిరిగేటప్పుడు లోపల నిప్పురవ్వలు పుడతాయి. మెరైన్ స్టార్టర్ వాటిని బయటి ఆవిరికి అంటుకోనివ్వదు. పెట్రోల్ బోట్లకి అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధన కూడా ఇదే. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బోట్లు కదా, ఇక్కడ పొదుపు చూడొద్దు.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. స్టార్ట్ చేసే ముందు బ్లోయర్ (ఇంజిన్ గదిలోని ఆవిరిని బయటికి లాగే ఫ్యాన్) కనీసం 4 నిమిషాలు నడవాలి.

శనివారం రేవు దగ్గర ఉంటాను. మల్టీమీటర్ తెస్తాను, ఎవరికైనా అనుమానం ఉంటే చూద్దాం.