పొట్టేలుకు ఎండదెబ్బ తగిలితే మంద ఈనదు

సంపాదకులకు,

ముంగారు వానలకు పచ్చిక మొలిచి గొర్రెలు ఎదకు వస్తాయి. చూలు నిలవక మళ్లీ మళ్లీ ఎదకు తిరిగొస్తే అనంతపురం జిల్లా కాపరులు వాటికి గొడ్డు అని పేరు పెట్టి సంతకు తోలేస్తున్నారు. పాతిక గొర్రెలకు ఒక్కటే ఉన్న విత్తన పొట్టేలును అనుమానించేవారు తక్కువ.

పొట్టేలు ఒంటివేడి సుమారు 39 డిగ్రీలు. వృషణాలు అంతకన్నా నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యం సరిగా తయారవుతుంది. ఎండ 40 దాటే ఏప్రిల్, మే నెలల్లో పట్టపగలు రేకుల కింద కట్టేస్తే ఆ తేడా నిలవదు. వీర్యకణం పుట్టి, ముదిరి, బయటికి రావడానికి దాదాపు 60 రోజులు పడుతుంది. కాబట్టి రోహిణి కార్తెలో తగిలిన దెబ్బ జూలై దాటులో, అంటే జత కట్టే వేళ, బయటపడుతుంది. అప్పటికి వానలు పడి పొట్టేలు హుషారుగానే దాటుతుంటుంది, చూలు మాత్రం నిలవదు. నీలినాలుక, గాలికుంటు జ్వరాలు వచ్చి తగ్గాక కూడా ఇదే లెక్క. రెండు నెలలు ఆ పొట్టేలును నమ్ముకోకూడదు.

గుర్రాలకు పగలు పెరిగే కాలం, చలిదేశాల గొర్రెలకు పగలు తగ్గే కాలం జతకు అనువు. మన నెల్లూరు జోడిపి జాతి గొర్రెకు ఆ పట్టింపు తక్కువ, ఎండా మేతా చూసుకుంటే చాలు. దక్కని, బళ్లారి రక్తమున్న ఉన్ని పొట్టేళ్లకు మాత్రం మార్చిలోనే బొచ్చు కత్తిరించాలి.

వయసు పళ్లలో తెలుస్తుంది. ఏడెనిమిది నెలలకే ఎగబడినా అప్పటి వీర్యం పలచన. రెండు పళ్లు వేసి ఏడాదిన్నర నిండాకే వదలాలి, మొదటి ఏడాది 15 గొర్రెలకు మించకూడదు. రెండు నుంచి ఐదేళ్ల మధ్య 25, 30 గొర్రెలకు సరిపోతుంది. ఆరేళ్లు దాటితే తీసేయాలి. అయితే దాని కూతుళ్లు ఎదకొచ్చే లోపే, అంటే రెండేళ్లకోసారి, పొట్టేలును మార్చడం ఎలాగూ తప్పదు. బలమైన పిల్లలన్నీ బక్రీదుకు, జాతరకు అమ్ముకుని, కొనేవాడు వద్దన్నదాన్ని విత్తనానికి ఉంచుకోవడం మాత్రం మనం చేతులారా చేసుకుంటున్నదే.

మార్చిలో పొట్టేలును నిలబెట్టి తడిమి చూడండి. వృషణాలు రెండూ సమానంగా, గట్టిగా ఉండి తిత్తిలో సులువుగా కదలాలి. అడుగున గడ్డ తగిలితే బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి తెగులును అనుమానించి పరీక్ష చేయించాలి. టేపుతో వెడల్పు చోట చుట్టుకొలత 30 సెంటీమీటర్ల దగ్గరుంటే నిశ్చింత. మంచి వీర్యం మీగడలా చిక్కగా ఉంటుంది, మిల్లీలీటరుకు 200 నుంచి 400 కోట్ల కణాలు. నీళ్ల మజ్జిగలా ఉంటే లాభం లేదు. నట్టల మందు పోసే శిబిరాల్లోనే పశుసంవర్ధక శాఖ ఈ పరీక్ష కూడా పెట్టాలి.

వేసవిలో 11 నుంచి 4 దాకా చెట్టు నీడ, ఎప్పుడూ నీళ్లు, రేకులపై కొబ్బరి మట్టలు. దాటుకు రెండు నెలల ముందునుంచి రోజుకు 300 గ్రాముల దాణా, దొరికినంత అవిశాకు. వట్టి వేరుశనగ కట్టెతో విటమిన్ ఏ అందదు. కొవ్వు పట్టించినా తిత్తికి వేడే.

దాటు మొదలయ్యాక పొట్టేలు రొమ్ముకు ఆముదంలో కలిపిన ఎర్రమట్టి పూయండి, అది దాటిన గొర్రె నడుముపై గుర్తు పడుతుంది. గొర్రె ఎద 17 రోజులకోసారి తిరుగుతుంది గనుక 17వ రోజున రంగు మార్చండి. సగం మందకు రెండో రంగు కూడా అంటితే గొర్రెలను అమ్మకండి, వెంటనే వేరే పొట్టేలును వదలండి.

— ఒక పశువైద్యుడు, కళ్యాణదుర్గం