ఆ చిప్ వచ్చేదాకా కండ మిగలాలి కదా

సంపాదకులకు నమస్కారం.

మెదడులో చిప్ పెట్టి, పడిపోయిన చేతిని కరెంటుతో కదిలిస్తున్నారని మీ పేపర్లో వచ్చిన వార్తను మా తమ్ముడు నాతో మూడుసార్లు చదివించుకున్నాడు. ఆరేళ్ళ కిందట ఇక్కడే తాడిపత్రిలో బండలు లోడు చేస్తూ లారీ మీది నుంచి పడ్డాడు, మెడ విరిగింది, కాళ్ళూ చేతులూ పడిపోయాయి. వార్త చూసినవాళ్ళంతా "ఇంక మీవాడు లేస్తాడు, ఎంతవుతుందో కనుక్కోండి" అని ఫోన్లు చేస్తున్నారు, అందుకే రాస్తున్నా.

మన దగ్గర స్ట్రోక్ వచ్చినా, వెన్నుపాము దెబ్బతిన్నా అన్నిటినీ పక్షవాతం అనేస్తాం. మావాడిది వెన్నుపాము దెబ్బ. చెయ్యెత్తాలని అనుకున్నప్పుడల్లా మెదడు ఆ మాట పంపుతూనే ఉంది, మధ్యలో మెడ దగ్గర దారి తెగింది. తెగిన చోటుతో పని లేకుండా మెదడు మాటను కంప్యూటర్‌తో చదివి, నేరుగా కండలకో, దెబ్బకు దిగువన ఉన్న వెన్నుపాముకో కరెంటుగా అందించడమే ఈ పద్ధతి. అమెరికాలో ఇయాన్ బర్క్‌హార్ట్ అనే కుర్రాడు ముంజేతికి కరెంటు అందించే ఎలక్ట్రోడ్ల పట్టీ చుట్టుకుని సీసా పట్టుకుని వంచగలిగాడని 2016లో ప్రకటించారు. 2023లో నెదర్లాండ్స్ మనిషి గెర్ట్-యాన్ ఆస్కామ్, స్విట్జర్లాండ్‌లో ఆపరేషన్ అయ్యాక, ఊతకర్రలతో నడిచాడు, మెట్లెక్కాడు. 2017లో వార్తల్లోకొచ్చిన క్లీవ్‌లాండ్ మనిషి బిల్ కోచెవార్ అయితే దెబ్బ తగిలిన ఎనిమిదేళ్ళ తర్వాత తన చేత్తో తాను తిన్నాడు.

మావాడికి పట్టుకున్నది ఆ కోచెవారే. "అక్కా, ఆయప్ప తనంతకు తానే తిన్యాడంట గదా" అన్నాడు, రాత్రి సంగటి తినిపిస్తుంటే. నేనేం చెప్పలేక ఇంకో ముద్ద పెట్టాను.

కానీ ఆ కోచెవార్‌కు చిప్ పెట్టగానే చెయ్యి లేవలేదండీ. ఏళ్ళ తరబడి వాడక చిక్కిపోయిన కండలకు ముందు కరెంటుతోనే కసరత్తు చేయించాల్సి వచ్చింది, చేతికి కింద ఆసరా కూడా అమర్చాల్సి వచ్చింది. ఇప్పటికీ ఇవి కొద్దిమంది మీద చేస్తున్న ప్రయోగాలే, బర్క్‌హార్ట్‌కు పెట్టిన చిప్‌ను 2021లో తీసేశారు కూడా. రేపెప్పుడో మన దాకా వచ్చినా, అప్పటికి కీళ్ళు బిగుసుకుపోయి, కండ కరిగిపోయి, వీపంతా పుండ్లు పడిన మనిషికి అదేం పనికొస్తుంది?

రాత్రిపూట రెండు గంటలకోసారి అలారం పెట్టుకుని వాణ్ణి పక్కకు తిప్పుతాం. వేళ్ళు లోపలికి ముడుచుకుపోకుండా అరచేతిలో గుడ్డచుట్ట పెడతాను, పొద్దున దాన్ని తీసి ఒక్కో వేలూ మెల్లగా చాపుతాను, కుడిచేతి బొటనవేలు మాత్రం ఎంత చాపినా పూర్తిగా రాదు, ఎందుకంటే మొదటి ఏడాది ఈ పని చేయాలని నాకెవరూ చెప్పలేదు. ఆసుపత్రిలో "ఇంక ఇంతే, ఇంటికి తీసుకుపోండి" అన్నారు. ఆ ఏడాది నడుం కింద పడిన పుండు మానడానికి ఏడు నెలలు పట్టింది.

ప్రభుత్వం ఇచ్చే నెలకు 15,000 పింఛను మాకు కొండంత అండ, కాదనను. కానీ ఫిజియోథెరపీకి అనంతపురం పోయి రావాలంటే పడుకోబెట్టి తీసుకెళ్ళే బండి కావాలి, ఎత్తడానికి మనుషులు కావాలి, ఎన్నిసార్లని పోతాం? వారానికోసారి ఇంటికొచ్చి చూసే ఫిజియోథెరపిస్టును మండలానికొకరిని పెట్టాలి. కండకు కరెంటు పెట్టే చిన్న మెషిన్ వాళ్ళ దగ్గర ఉండాలి, దానికి మెదడులో చిప్ అక్కర్లేదు, అది ఎన్నో ఏళ్ళుగా వాడుకలో ఉన్నదే. వెన్ను దెబ్బతిన్నవాళ్ళను ఇంటికి పంపేముందు తిప్పడం, వేళ్ళు చాపడం, పుండు మొదలయ్యే ఎర్రమచ్చను గుర్తుపట్టడం ఇంట్లోవాళ్ళకు నేర్పి పంపాలి.

మీరు ఈసారి చిప్ గురించి రాసేటప్పుడు పక్కనే ఇవి కూడా బొమ్మలతో వేయండి. కావాలంటే మా ఇంటికి రండి, మావాడు సరేనన్నాడు, నేను చేసి చూపిస్తాను, ఫోటోలు తీసుకోండి.

ఒక అక్క,
తాడిపత్రి, అనంతపురం జిల్లా