ఎకరాల లెక్క సరే, మనుషుల లెక్క ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

2025 జులైలో బెంగళూరు శివార్లలోని దేవనహళ్లి దగ్గర ఏరోస్పేస్ (విమాన పరిశ్రమల) పార్కు కోసం తలపెట్టిన 1,777 ఎకరాల భూసేకరణను కర్ణాటక ప్రభుత్వం విరమించుకుంది. వెంటనే మన మంత్రి లోకేశ్ గారు, బెంగళూరు పక్కనే మా దగ్గర 8 వేల ఎకరాలు సిద్ధంగా ఉన్నాయి, ఇటు రండి అని కంపెనీలను పిలిచారు. బెంగళూరు పక్కన అంటే మా హిందూపురం, లేపాక్షి, మడకశిర వైపే కదా, నాకైతే చాలా సంతోషమేసింది. పిలవాల్సిందే. కానీ వచ్చే కంపెనీవాళ్లు భూమి చూశాక రెండో ప్రశ్నగా అడిగేది మనుషుల గురించే. ఎంతమంది దొరుకుతారు, ఏం పని వచ్చు, ఎంత జీతానికి వస్తారు, నైట్ షిఫ్టు చేస్తారా అని. దానికి మన దగ్గర చేతికివ్వడానికి కాగితం లేదు. జాతీయ రహదారి ఎంత దూరం, విమానాశ్రయం ఎంత దూరం, కరెంటు, నీళ్లు అన్నీ వివరంగా రాసి, మనుషుల దగ్గరికొచ్చేసరికి ‘నైపుణ్యం గల మానవ వనరులు పుష్కలం’ అని ఒక్క ముక్కతో సరిపెడుతున్నారు.

నేను ఐటీఐలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. పుష్కలం అన్న మాటతో ఏ ఫ్యాక్టరీ మేనేజరూ నిర్ణయం తీసుకోడు. ఫిట్టర్లు ఎంతమంది, వెల్డర్లు ఎంతమంది, ఏటా ఎంతమంది పాసై బయటికొస్తున్నారు, వాళ్లలో మిషన్ మీద నిజంగా చెయ్యి పెట్టినవాళ్లు ఎంతమంది, అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్లు ఎంతమంది అనేది అతనికి కావాలి. ఇవేమీ రహస్యాలు కావు. ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో రిజిస్టర్లున్నాయి, పీఎఫ్ కట్టే కంపెనీల లెక్కలున్నాయి. కూర్చుని ఒకచోట చేర్చేవాళ్లే లేరు.

ఉన్న లెక్కలు చూద్దామా అంటే, చివరి జనాభా లెక్కలు 2011 నాటివి. అప్పటికి మాది ఉమ్మడి అనంతపురం జిల్లా, 40.8 లక్షల జనం. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది. మధ్యలో కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చింది, దాని వెనకే విడిభాగాల కంపెనీలూ వచ్చాయి. ఆ అంకెల్లో ఇదంతా ఎక్కడుంటుంది? కేంద్రం చేసే కార్మిక సర్వే కూడా 2025 జనవరి నుంచే జిల్లాను ప్రాతిపదికగా తీసుకుని నమూనాలు తీయడం మొదలుపెట్టింది. అదైనా నమూనా సర్వేనే, మండలం దాకా దిగదు.

2024 జూన్‌లో ముఖ్యమంత్రి గారు పెట్టిన మొదటి సంతకాల్లో, ఎవరికి ఏం పని వచ్చో ఇంటింటికీ వెళ్లి రాసుకునే నైపుణ్య గణన ఒకటి. మంచి పని, అందులో అనుమానం లేదు. నా బాధ ఒక్కటే, ఇంటికొచ్చి అడిగితే ఇంట్లో ఉన్నవాళ్లే దొరుకుతారు. మా జిల్లాలో పని వచ్చినవాళ్లలో చాలామంది ఇంట్లో లేరు, బెంగళూరులో ఉన్నారు. నా దగ్గర టర్నర్ చదివిన అబ్బాయి ఒకడు ఇప్పుడు అక్కడి పీణ్య పారిశ్రామికవాడలో చిన్న వర్క్‌షాపులో, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్ సెట్టింగ్ చేస్తున్నాడు. డ్రాయింగు చూసి ప్రోగ్రాం మార్చుకుంటాడు, ముక్క తిప్పి మైక్రోమీటర్‌తో కొలిచి, మిల్లీమీటర్‌లో పదో వంతు తేడా కాదు, వందో వంతు తేడా వచ్చినా పక్కన పెట్టేస్తాడు. ఏరోస్పేస్ వాళ్లకు కావాల్సింది ఇలాంటి చెయ్యే. అతను ఒక చిన్న గదికి అద్దె కట్టుకుంటూ, అమ్మానాన్నలను ఊళ్లో వదిలి ఉంటున్నాడు. ఇక్కడ పని దొరికితే వస్తావా అంటే, జీతం కొంచెం తగ్గినా ఫర్వాలేదు సార్, వచ్చేస్తా అన్నాడు. పొద్దున రైల్లో హిందూపురం నుంచి బెంగళూరు వెళ్లి రాత్రికి తిరిగొచ్చేవాళ్లు వేరే ఉన్నారు, స్టేషన్‌లో టిఫిన్ డబ్బాలు పట్టుకుని నిలబడినవాళ్లను చూస్తే తెలుస్తుంది. ఎవరైనా ఒక టేబుల్ వేసుకుని ఆ ప్లాట్‌ఫాం మీద వారం కూర్చున్నా, ఎవరికి ఏం పని వచ్చో, ఎంత ఇస్తే వెనక్కి వస్తారో సగం లెక్క తేలిపోతుంది. తిరిగి రావడానికి సిద్ధంగా ఉన్న ఇలాంటి పనివాళ్లే మా ప్రాంతం అసలు బలం, వాళ్లే ఏ కాగితంలోనూ లేరు.

ఆడవాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. మా వైపు గార్మెంట్ ఫ్యాక్టరీలకు పల్లెల నుంచి వెళ్లేది ఎక్కువగా ఆడవాళ్లే, కంపెనీ బస్సు ఊరి దాకా వస్తేనే వెళ్తారు. బస్సు ఆగిపోతే ఆ ఊరు నుంచి పనికి వెళ్లేవాళ్లూ ఆగిపోతారు. కంపెనీవాళ్లకు ఇది ముందే తెలియాలి. ఏ ఊళ్ల నుంచి ఎంతమంది వస్తారు, బస్సు ఎంత దూరం తిప్పాలి, చంటిపిల్లలున్న తల్లులకు క్రెష్ కావాలా, ఇవి రాసి ఇవ్వండి. అలాగే జూన్, జులైలలో వాన పడితే వేరుశనగ విత్తనానికి సెలవులు పెడతారు, దాచకుండా అదీ రాయండి. ముందే తెలిస్తే షిఫ్టులు సర్దుకుంటారు, తెలియకపోతే ఇక్కడివాళ్లు సరిగా పనికి రారని ముద్ర వేసి బయటినుంచి మనుషులను తెచ్చుకుంటారు. ఇంకో మాట, హిందూపురంలో తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ మాట్లాడేవాళ్లు వీధికి పదిమంది ఉంటారు, బెంగళూరు నుంచి తరలివచ్చే కంపెనీకి ఇది ఎంత సులువో ఎవరూ చెప్పడం లేదు.

కియా అనుభవం చూడండి. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం, 536 ఎకరాలు, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం, 2019 డిసెంబరులో ప్రారంభోత్సవం. గొల్లపల్లి రిజర్వాయర్‌కు హంద్రీ-నీవా కాలువ నీళ్లు తెచ్చి మరీ చూపించారు. నీటికి పెట్టిన శ్రద్ధలో కొంతైనా మనుషులను లెక్కగట్టడం మీద పెట్టి ఉంటే, ప్లాంటు కట్టే రెండేళ్లలోనే చుట్టుపక్కల ఐటీఐల్లో ఆ పనికి తగ్గ ట్రేడ్లు, మిషన్లు పెట్టుకునే వీలుండేది. 2019లోనే స్థానికులకు 75 శాతం ఉద్యోగాలని చట్టం కూడా చేశారు. ఆ నూటికి డెబ్బై ఐదు మంది ఎవరు, ఏ ఊళ్లలో ఉన్నారు, ఇప్పుడు ఏం చేస్తున్నారు అన్నది తెలియకుండా చట్టం అమలు ఎలా అవుతుంది?

దయచేసి కూలి చవక అని మాత్రం చెప్పుకోవద్దు. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొట్టమొదట మా ఉమ్మడి జిల్లా బండ్లపల్లిలోనే ప్రారంభించారు, మా కరువు అలాంటిది. ఆ కరువును చూపించి తక్కువకే వస్తారని చెబితే, వచ్చినవాడు ఇంకా తక్కువకు దొరికే చోటు చూసుకుని పోతాడు, మా పిల్లలు మళ్లీ బెంగళూరు రైలే ఎక్కుతారు. పీణ్యలో అదే పనికి ఎంత ఇస్తున్నారో, ఇక్కడ ఎంతిస్తే మనిషి నిలబడతాడో రెండూ పక్కపక్కన రాయండి.

జిల్లా పరిశ్రమల కేంద్రం, ఐటీఐలు, నైపుణ్యాభివృద్ధి సంస్థ కలిసి కూర్చుంటే ఇది ఆరునెలల పని. మొదట హిందూపురం, లేపాక్షి, మడకశిర, పెనుకొండ మండలాలకు చేయండి, ఏడాదికోసారి సరిచూసి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అందరికీ కనబడేలా పెట్టండి. కలెక్టర్ గారు పిలిస్తే నాలాంటి రిటైరైన ఇన్‌స్ట్రక్టర్లు పాత విద్యార్థుల జాబితాలు పట్టుకుని వస్తారు, నేనైతే తప్పకుండా వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఐటీఐ ఉపాధ్యాయుడు,
హిందూపురం