బండగాడికి, బుజ్జి మాట్లాడిందిరా!

ఒరేయ్ బండా,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది, తిట్టుకో. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, నా ఉద్యోగం అలాగే ఏడుస్తోంది. అవి పక్కన పెట్టు. నిన్న రాత్రి బుజ్జి మాట్లాడిందిరా! "నాన్నా, లైటు ఆర్పొద్దు." మధ్యలో తెగలేదు, చివర్లో మాయమవలేదు. ఒకే ఊపిరి.

ఇన్నాళ్ళూ "నా..." అని ఎత్తుకుని "లై" దగ్గర గాలి అయిపోయేది. మన హాస్టల్ మూడో అంతస్తు కుళాయి గుర్తుందా? నువ్వు తలనిండా సబ్బుతో... సరే, రాయనులే. అచ్చం అలాగే బుస్సుమనేది. మేమేమో "గట్టిగా చెప్పమ్మా" అని వెంటపడేవాళ్ళం. భుజాలు చెవుల దాకా లేచేవి, ఒళ్ళంతా బిగుసుకునేది, మాట మాత్రం రాదు. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

స్పీచ్ థెరపిస్టు మేడమ్ మొదటిరోజు దాని నోటి జోలికే వెళ్ళలేదు. పొట్ట మీద ఒక చెయ్యి, ఛాతీ మీద ఒక చెయ్యి పెట్టి చూడమన్నారు. పీల్చినప్పుడు పొట్ట ఉబ్బుతోంది, ఛాతీ లోపలికి పోతోంది! సెరిబ్రల్ పాల్సీ ఉన్న, అంటే మెదడు దెబ్బతిని కండరాలు మాట వినని, కొందరు పిల్లలకి ఇలా ఉంటుందట. మనం మాట్లాడేటప్పుడు గబుక్కున పీల్చి, ఆ గాలిని పొదుపుగా వదులుతాం. ఒక్కో ఊపిరిలో 10 వంతుల్లో 9 వంతుల సమయం వదలడానికే. బుజ్జేమో సగం గాలి పోయాక మాట మొదలెట్టేది.

తర్వాత నీళ్ళ గ్లాసులో స్ట్రా 5 సెంటీమీటర్లు ముంచి, 5 సెకన్లు బుడగలు ఊదమన్నారు. అంత ఊదితే మాటకి చాలినంత గాలి ఒత్తిడి ఉన్నట్టే. బుజ్జి రెండు లెక్కపెట్టేలోపే ఆగిపోయింది. నేను తెలివిగా స్ట్రాల కట్ట కొనుక్కెళ్ళి "రోజూ ఊదిస్తానండీ" అంటే ఆవిడ నవ్వి, "ఊదితే ఊదడం వస్తుంది, మాట రాదు, అది కొలవడానికే" అన్నారు. ఆ కట్ట నీకు పంపనా?

మారిందల్లా కుర్చీ. అరికాళ్ళ కింద పీట, నడుం వెనక్కి, రెండు పక్కలా దుప్పటి చుట్టలు. ఒళ్ళు నిలబెట్టుకునే పని తగ్గింది. ఇక పీల్చీ పీల్చగానే మాట, రెండు మాటలకో ఊపిరి. "గట్టిగా" అన్నది ఇంట్లో నిషేధం.

లైటు ఆర్పలేదు, రాత్రంతా వెలిగింది. పొద్దున్నే మళ్ళీ "నా..." దగ్గరే ఆగింది. అలిసిపోతే అంతేనట. ఆరేళ్ళుగా నేను దాని గొంతు ఎలా ఉంటుందో... వద్దులే.

అదిగో, పిలుస్తోంది. పిలుస్తోందిరా! నీ గొడుగు నా దగ్గరే ఉంది, అడక్కు.