అమ్మమ్మ క్యాసెట్ ఉత్తరం మాకు వినిపించిన ముగ్గురికి

1986లో మా అమ్మమ్మ కువైట్‌లో ఉన్న పెద్దమామయ్యకి ఉత్తరం పంపింది, క్యాసెట్‌లో. ఆవిడకి సంతకం చెయ్యడం తప్ప రాయడం రాదు. మా అమలాపురం వైపు గల్ఫ్‌కి మనిషిని పంపిన ఇళ్లలో అది మామూలే. అరుగు మీద టేప్‌రికార్డర్ పెట్టుకుని ఇంటిల్లిపాదీ వంతులవారీగా మాట్లాడేవారు. సెలవు మీద వచ్చి తిరిగెళ్లేవాళ్లు ఎవరో ఒకరు ఆ క్యాసెట్ పట్టుకెళ్లేవారు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చాక మామయ్య ఒక్క చేతిసంచీతో ఇంటికి చేరాడు. ఆ సంచీలో ఈ క్యాసెట్ ఉంది. అమ్మమ్మ గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు.

కిందటి సంక్రాంతికి దాన్ని బయటికి తీసి పెడితే వినబడింది బుస. దాని కింద జుయ్‌మని మోత. ఆ రెండిటి మధ్య నలుగుతూ అమ్మమ్మ. ఒక స్టూడియోకి ఇచ్చాం. బుస పోయిన మాట నిజమే గానీ అమ్మమ్మ నీళ్ల బిందెలో తల పెట్టి మాట్లాడుతున్నట్టు తయారైంది. డబ్బులు పోయాయి, పోనివ్వండి. అప్పుడు దొరికారు ఈ ముగ్గురూ. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు.

మొదటివారు రాజమండ్రిలో పాత రేడియోలు, టేపులు బాగుచేసే పెద్దాయన. నేను కంప్యూటరు గురించి చెప్పబోతుంటే, ‘‘ముందు టేపు సరిగ్గా పాడాలి కదండీ, తర్వాత మీ కంప్యూటర్’’ అన్నారు. క్యాసెట్‌లో టేపుని హెడ్‌కి, అంటే టేపు మీది శబ్దాన్ని చదివే భాగానికి, ఆనించే చిన్న మెత్త ఊడిపోయి ఉంది. డొప్పకి స్క్రూలు లేవు, అతికించేసిన రకం. జాగ్రత్తగా పగలగొట్టి, చుట్టలు రెండూ స్క్రూలున్న వేరే డొప్పలోకి మార్చారు. హెడ్‌ని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిస్తే దూది ఇటుకపొడి రంగుకొచ్చింది. తర్వాత క్యాసెట్ తిరుగుతుండగానే హెడ్ పక్కనున్న బుల్లి స్క్రూని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ, ‘‘స, శ పదునుగా ఎక్కడ పలుకుతాయో చెప్పు బాబూ’’ అన్నారు. ఒకచోట ‘సుబ్బలక్ష్మి’ అన్న పేరు ఠక్కున విచ్చుకుంది. మా పిన్ని పేరది. రికార్డు చేసిన మిషన్‌లో హెడ్ ఏ వాలులో ఉందో ఇక్కడా అదే వాలులో ఉంటే తప్ప ఆ సన్నటి ధ్వనులు రావట. ఇంత చేసి రెండొందలు తీసుకున్నారు. అదీ నేను బలవంతపెడితేనే.

రెండోవారు ఆకాశవాణిలో ఇంజనీరుగా చేసి రిటైరైన బాబాయిగారు. నాకు వరస కాదు, పిలుపే. అమ్మమ్మ మాట మొదలవడానికి రెండు సెకన్ల ముందే అదే మాట నీడలా వినబడేది. నేను దాన్ని ప్రతిధ్వని అనుకున్నాను. ఏళ్ల తరబడి చుట్టలో పక్కపక్కనే ఉన్న పొరలు ఒకదాని అయస్కాంతపు ముద్ర ఇంకోదాని మీద వేసుకుంటాయని చెప్పి, కాపీ తీసేముందు టేపుని ఆ చివరిదాకా, ఈ చివరిదాకా నాలుగైదుసార్లు చుట్టించారు. నీడ చాలావరకు పలచబడింది. టేపు శబ్దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే తన యూఎస్‌బీ సౌండ్ బాక్స్ అరువిచ్చి, శబ్దాన్ని కుదించకుండా దాచే 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైల్‌గా ఎక్కించమన్నారు.

ఇక ఆ జుయ్ గురించి చెప్పాలి, ఎందుకంటే ఇది నేను ఊహించనిది. తెర మీద గ్రాఫ్ తీస్తే మోత ఒకటి కాదు, రెండున్నాయి: ఒకటి సరిగ్గా 50 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 50 కంపనాలు, ఇంకోటి 52 దగ్గర. బాబాయిగారు మాట్లాడకుండా నా ల్యాప్‌టాప్ చార్జర్ పీకేశారు. బ్యాటరీ మీద మళ్లీ ఎక్కిస్తే 50 దగ్గరది మాయం. 52 మాత్రం అలాగే ఉంది. మన కరెంటు 50 కదా, మరి ఈ 52 ఎక్కడిది? అది 1986లో మా అరుగు మీది కరెంటు మోత, టేపులోకే ఎక్కేసింది. ఇప్పటి డెక్ కొంచెం వేగంగా తిప్పుతోంది గనక 50 కాస్తా 52 అయింది! అంటే అమ్మమ్మ గొంతు కూడా నాలుగు శాతం పైకి పోయి పీలగా పలుకుతోందన్నమాట. మేం తీసిపారేద్దామనుకున్న మోతే ఈ లెక్క చెప్పింది. ఆ రోజుల్లో కరెంటు 50కి కిందికీ దిగుతుండేదని, లెక్కతో పాటు చెవినీ నమ్మమని అన్నారు. చెవి మా మామయ్యది. వేగం తగ్గించి వినిపిస్తే, ‘‘ఇప్పుడు మా అమ్మ. ఇందాకటిది వేరే ఎవరో’’ అన్నాడు. ఆ తర్వాతే 50 దగ్గర, దాని రెట్లయిన 100, 150 దగ్గర సన్నగా కోసి మోత తీసేశాం.

మూడోది మెల్‌బోర్న్‌లో ఉన్న మా ఆవిడ తోడికోడలి చెల్లెలు. పాడ్‌కాస్టులు ఎడిట్ చేస్తుంది. అర్ధరాత్రి దాకా వీడియో కాల్‌లో కూర్చుని నాకు అడాసిటీ నేర్పింది. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ అది. మాటల్లేని రెండు సెకన్లు ఎంచి, ఇదీ బుస అని దానికి చూపించి, మొత్తం మీద తగ్గించమనాలి. తగ్గించడం ఖాయం చేసేముందు ‘రెసిడ్యూ’ నొక్కి ప్రివ్యూ వింటే, తీసేసేది మాత్రమే వినబడుతుంది. అందులో అమ్మమ్మ వినబడిందా, ఎక్కువ తీసేశామన్నట్టే. మొదటిసారి నేను గట్టిగా లాగేసి అది నొక్కితే, తీసేసిన చెత్తలో అమ్మమ్మ స్పష్టంగా ‘సంచీ’ అంటోంది! స్టూడియోవాళ్లు చేసిన పనే నేనూ చేశాను. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ పాత టేప్‌రికార్డర్ అమ్మమ్మ ఆగినప్పుడల్లా తనంతట తనే శబ్దం పెంచేసుకునేది, దాంతో బుస ఊపిరిలా లేచిపడేది. ఒకే నమూనా అంతటికీ సరిపోదని ముక్కలు ముక్కలుగా చేయించింది. 45 నిమిషాల సైడ్‌కి పదకొండు రాత్రులు పట్టింది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు తల్లి. మా ఆవిడ మాత్రం విసుక్కుంది.

బుస ఇంకా కొంచెం ఉంది. ఉండనిచ్చాం. కోళ్లు ఉన్నాయి, గిలక కీచుమంటోంది, ఎవరో ‘‘ఇది తిరుగుతోందా అసలు?’’ అంటున్నారు. అది మా నాన్న అని అమ్మ గుర్తుపట్టింది.

చివర్లో ఒక వాక్యం ఇన్నేళ్లూ మోతలో మునిగి ఉండిపోయింది. అక్కడ అమ్మమ్మ ఏడ్చిందని ఇంట్లో అందరి నమ్మకం. మామయ్యదీ అదే నమ్మకం. కువైట్ గదిలో పదిమంది మధ్య టేప్‌రికార్డర్‌కి చెవి ఆనించి విన్నా ఆయనకి అందలేదట. శుభ్రం చేసిన ఫైలు మొన్న ఆదివారం పెట్టాం. అమ్మమ్మ అంటోంది: ‘‘నీ వాటా అట్టు రోజూ పిల్లికి పెడతన్నాన్రా పెద్దోడా. అది బాగా బలిసింది.’’

మామయ్యకి ఇప్పుడు డెబ్భై నాలుగు. నవ్వాడు, ఇంకోసారి పెట్టమన్నాడు, ఇంకోసారి పెట్టమన్నాడు. పెద్దాయనా, బాబాయిగారూ, చెల్లెమ్మా, ఆ నవ్వు కూడా ఫోన్‌లో రికార్డు చేశాం. మీ ముగ్గురికీ పంపిస్తున్నాను.