పార్కుల్లో హత్యల కథకు సాయపడినవారికి కృతజ్ఞతలు

ఒక నగరంలోని పార్కుల్లో వరుసగా జరిగే హత్యలు, వాటి గుట్టు విప్పే ఇద్దరు వింత మనుషులైన డిటెక్టివులు ఇతివృత్తంగా నేను రాస్తూ వచ్చిన నవల పూర్తయింది. అడిగిన ప్రతి సందేహానికీ విసుగు లేకుండా జవాబిచ్చినవారు తమ పేర్లు బయటపెట్టవద్దని కోరినందున, పేర్లు లేకుండానే ఈ కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

మొదటి నమస్కారం పార్కులో తోటమాలిగా పనిచేసి విరమించిన పెద్దాయనకు. తాళం వేసిన గదిలో హత్య జరిగితే లోపలికి ఎవరు రాగలరన్నదే ప్రశ్న. పార్కులో ఎవరైనా రావచ్చు, అక్కడ ఉండడానికి ప్రతివారికీ ఒక కారణమూ ఉంటుంది, పైగా తెల్లవారకముందే నీళ్లు పెడితే అడుగుజాడలు చెరిగిపోతాయి. అటువంటి చోట ఆధారం ఎలా నిలుస్తుందో ఆయనే చూపించారు. పచ్చగడ్డి మీద ఒక వస్తువు కొన్ని రోజులు కదలకుండా పడి ఉంటే కింది గడ్డి వెలుతురు అందక పాలిపోతుందనీ, వాన వెలిశాక కూడా దేని కిందనైనా నేల పొడిగా ఉంటే అది వానకు ముందే అక్కడికి చేరిందనీ ఆయన చెప్పిన మాటల మీదనే నవలలో రెండు అధ్యాయాలు నిలబడ్డాయి.

ఫోరెన్సిక్ పాఠాలు చెప్పే ఉపాధ్యాయురాలు, మరణించిన కొన్ని గంటల్లో మొదలయ్యే శరీరం బిగుసుకోవడమనే మార్పు ఆరుబయటి చలిలో నెమ్మదిస్తుందనీ, శవం మీద గుడ్లు పెట్టే ఈగలు సాధారణంగా పగటిపూటే ఆ పని చేస్తాయనీ వివరించి, కథలోని కాలక్రమాన్నంతా సరిచూశారు. చైనా న్యాయాధికారి సాంగ్ త్సీ 1247లో రాసిన గ్రంథంలోని కొడవళ్ల కేసును కూడా ఆమే గుర్తుచేశారు. కొడవలితో జరిగిన హత్యలో ఊరివాళ్ల కొడవళ్లన్నీ నేల మీద పరిపించి, రక్తపు జాడలకు ఈగలు వేటి మీద వాలుతాయా అని ఎదురుచూసిన ఆ కేసులోని విచారణాధికారి, చూసేవారికి పిచ్చివాడిలాగే కనిపించి ఉంటాడని నా ఊహ.

నా డిటెక్టివుల వింత అలవాట్లకు ఆధారం అక్కడే దొరికింది. ముఖాలు గుర్తుంచుకోలేకపోయినా నడకను మాత్రం మరచిపోని మొదటివాడికీ, బూట్ల అడుగున అంటిన మట్టిని వాసన చూసే రెండోవాడికీ పనికి వచ్చే విచిత్రాలు తప్ప తక్కినవన్నీ తీసేయమని విశ్రాంత పోలీసు అధికారి ఒకరు సూచించారు. ఘటనాస్థలానికి అందరూ ఒకే దారిన వెళ్లి రావాలనీ, దేన్నీ ఒట్టి చేతులతో ముట్టుకోకూడదనీ పట్టుబట్టినదీ ఆయనే. మట్టి వాసన చూసే మనిషికి ఈ నిబంధన ఎంత ఇబ్బందో చెప్పనక్కరలేదు, హాస్యమంతా అందులోంచే పుట్టింది.

చివరగా, చిత్తుప్రతి చదివి, హతులు పార్కుకు రాకముందు ఎలా బతికారో చెప్పమని నిలదీసిన స్నేహితురాలికి రుణపడి ఉన్నాను. రెండో డిటెక్టివును భరించలేకపోతున్నానని ఆమె ఇప్పటికీ అంటూనే ఉంది. అతణ్ణి మాత్రం నేను మార్చలేదు.